గొణుగుడు వినిపించే మిషను

వీధిలో అందరూ అతన్ని మైకాయన అనేవారు. సభలకూ మీటింగులకూ మైకులు, స్పీకర్లు అద్దెకివ్వడం, పాడైన ఆంప్లిఫయర్లు బాగుచేయడం అతని బతుకుతెరువు. ఊళ్లో ఎవరి గొంతు ఎంత దూరం వినపడాలో తేల్చేది అతని వేళ్లే గాని, అతని గొంతు మాత్రం బల్లకు అవతల కూర్చున్నవాడికి కూడా సరిగా వినపడేది కాదు. ఏదైనా అడిగితే తన చొక్కా కాలరుకు జవాబు చెప్పేవాడు. "మైకు పెట్టుకుని మాట్లాడవయ్యా" అని షాపుకొచ్చినవాళ్లు ఏడిపిస్తే నవ్వేసి మళ్లీ పనిమీదకు వంగిపోయేవాడు.

షాపు మెట్ల కింద ఉండేది. ఇల్లు పైన, రెండు గదులు. మధ్య అంతస్తులో దర్జీ కాపురం. పై గదుల్లో ఒకటి వంటకూ పడకకూ పోగా, రెండోదాంట్లో సగం అతని బల్ల, విప్పేసిన రేడియోలు, తీగల చుట్టలు. బల్ల ముందు కూర్చున్నంతసేపూ అతని పెదాలు కదులుతుండేవి. భార్య గుమ్మంలోంచి, పక్కవాటుగా కనపడే ఆ కదలిక చూసి మురిసిపోయేది. "మా ఆయన నోరు ఊరుకోదు, ఎప్పుడూ లెక్కలే" అని దర్జీ భార్యతో గొప్పగా చెప్పేది. ఆమెకు చెవులు వినపడవు.

పుట్టు చెవుడు కాదు. పెళ్లికి ముందునుంచే బట్టల మిల్లులో, మగ్గాల దగ్గర తెగిన దారాలు ముడివేసే పని. ఆ హోరులో పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా పెదాలు చూసి అర్థం చేసుకోవడమే. చెవులు ఎప్పుడు పోయాయో ఆమెకే తెలియలేదు. ఇంట్లో మొదట కనిపెట్టింది అతనే. ఒక మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది. తర్వాత భుజం తట్టి, మొహం తిప్పి చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత చేత్తో చూపించి ఊరుకునేవాడు. మాట్లాడ్డం ఎలాగూ అతనికి పెద్ద ఇష్టమైన పని కాదు.

కూతురు అప్పుడప్పుడే అడుగులు వేస్తున్న రోజుల్లో జరిగింది అది. ఆమె మరిగిన నీళ్ల గిన్నె దించి నేలమీద పెట్టి, వెనక్కి తిరిగి గిన్నెలు తోముకుంటోంది. పిల్ల వెళ్లి చెయ్యి ముంచింది. ఆ ఏడుపు కింది అంతస్తులో మిషను కుడుతున్న దర్జీకి వినపడింది. మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చి, తలుపు తోసి, పిల్లను ఎత్తుకున్నాడు. బారెడు దూరంలో ఉన్న తల్లి ఇంకా గిన్నె తోముతూనే ఉంది. దర్జీ మోచేత్తో పొడిస్తే అప్పుడు తిరిగింది.

ఆసుపత్రి వరండాలో బెంచీమీద ఆమె గడ్డకట్టుకుపోయినట్టు కూర్చుంది. మైకాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒక్క కేక వెయ్యలేదు. ఆమె గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, పెదాలు బాగా కనపడేలా అన్నాడు. "నీ తప్పేం లేదు."

ఆ మాట విన్న నర్సు కళ్లు తుడుచుకుంది. తర్వాత ఎవరడిగినా అతను అదే చెప్పాడు. దాని తప్పేముంది, వినపడకపోతే ఎవరేం చేస్తారు అని. మైకాయన దేవుడిలాంటి మనిషి అని వీధంతా అనుకున్నారు. పిల్ల చెయ్యి మానింది గాని రెండు వేళ్లు అతుక్కుపోయాయి. కోసి విడదీసినా అవి పూర్తిగా ముడుచుకోలేదు. ఆమె మిల్లు మానేసింది.

ఆసుపత్రివాళ్లు ఆమెకు చెవి మిషను ఒకటి ఇచ్చారు. జేబులో పెట్టుకునే చిన్న డబ్బా, దానికో తీగ, తీగ చివర చెవిలో దోపుకునే బిరడా. పెట్టుకున్న కాసేపటికే వంటింట్లో మూత ఒకటి జారి పడింది. ఆమె చెవి పట్టుకుని కూలబడింది. ఎవరో చెంప పగలగొట్టినట్టుందన్నది. అదే మిషనులో కూతురు "అమ్మా" అంటే మాత్రం గోడ అవతలెవరో అన్నట్టు వినపడేది. వారం తిరక్కుండానే డబ్బా బీరువాలోకి పోయింది.

అతను దాన్ని షాపులోకి తెచ్చి విప్పి చూశాడు. చెడిపోయిందేమీ లేదు. వచ్చిన ప్రతి శబ్దాన్నీ ఒకే లెక్కన పెంచుతోంది, అంతే. గుసగుసనీ పెంచుతోంది, గిన్నెల మోతనీ పెంచుతోంది. సభల్లో అయితే ఆ తేడా చూసుకునేది అతని చెయ్యి. వేదికమీద మనిషి నీరసంగా మాట్లాడితే వాల్యూమ్ పైకి, ఆవేశం తెచ్చుకుని అరిస్తే కిందికి. సభ అయ్యేదాకా వేళ్లు ఆంప్లిఫయర్ మీంచి తీసేవాడు కాదు. ఆ వేళ్లు చేసే పనిని ఒక సర్క్యూట్ చేత చేయించి ఆమె జేబులో పెట్టాలని అతనికి తోచింది.

చెప్పుకోడానికి తేలికే. శబ్దం మైకులో కరెంటుగా మారి వస్తుంది. ఆ కరెంటు ఎంతుందో కొలవాలి. ఎక్కువైతే దారిలో ఉన్న ట్రాన్సిస్టర్‌ని కుళాయి బిగించినట్టు బిగించాలి, తగ్గితే వదలాలి. మొదట చేసినదాంట్లో కుళాయి బిగిసేలోపే మోత చెవిలో పడిపోయింది. ఇంకాస్త తొందరగా బిగిసేలా మార్చాడు. అప్పుడు ఇంకో తంటా. తలుపు ధడాలుమంటే కుళాయి బిగుసుకుపోయి ఎంతకీ వదిలేది కాదు. ఆ తర్వాత అన్న నాలుగు మాటలూ గాల్లో కలిసిపోయేవి.

ఆదివారాలు ఆమెను గోడవైపు మొహం పెట్టి కుర్చీలో కూర్చోబెట్టేవాడు. వెనక నిలబడి మూతలు పడేసేవాడు, కాగితం నలిపేవాడు, కూతురి చేత పద్యాలు చెప్పించేవాడు. వినపడితే ఆమె చెయ్యెత్తాలి. కింద దర్జీకి పైకప్పు అదిరిపోయేది. "ఆదివారం వస్తే మీ ఇంట్లో గిన్నెలు ఎగురుతున్నాయి. కాపురం సవ్యంగానే ఉందా?" అని మెట్లమీద ఎదురుపడ్డప్పుడల్లా అడిగేవాడు. మైకాయన కాలరులో నవ్వుకునేవాడు.

ఏళ్లు పట్టింది. చివరికి కరెంటు నింపుకునే కెపాసిటర్లు రెండు వాడి దారి కనుక్కున్నాడు. ఒకటి చిన్నది, ఇట్టే నిండి ఇట్టే ఖాళీ అవుతుంది. రెండోది పెద్దది, నెమ్మదిగా నిండి నెమ్మదిగా ఖాళీ అవుతుంది. మూత పడ్డ చప్పుడుకు చిన్నదొక్కటే నిండుతుంది, కుళాయి బిగిసి వెంటనే వదులుతుంది. మిల్లు హోరులాంటిది ఆగకుండా వస్తే పెద్దది కూడా నిండి, హోరు ఉన్నంతసేపూ కుళాయిని బిగించే ఉంచుతుంది. ఆ ఆదివారం ఆమె వెనక మూత పడేసి, ఆ వెంటనే మామూలు గొంతుతో "టీ తాగుదామా" అన్నాడు. గోడవైపు చూస్తూనే ఆమె "తాగుదాం" అంది.

ఆ సర్క్యూట్ పట్టుకుని చెవి మిషన్లు తయారుచేసే ఫ్యాక్టరీకి వెళ్లాడు. అక్కడి ఇంజనీరమ్మ అతన్ని చిన్నచూపు చూడలేదు, నెత్తికీ ఎక్కించుకోలేదు. పూటంతా మీటర్లు పెట్టి పరీక్షించి, "ఆలోచన చాలా బాగుంది గాని, బ్యాటరీని తాగేస్తోందండీ. రెండో రోజుకే చేతులెత్తేస్తుంది" అంది. నిజమే, అది అతనికి తట్టనే లేదు. ఆమె కూర్చుని కరెంటు తక్కువ లాగేలా సగం సర్క్యూట్ మార్చింది. చెవి వెనక పెట్టుకునేంత చిన్నదిగా చేయించింది. పేటెంటులో ఇద్దరి పేర్లూ వేశారు.

ఒక్క చోటే ఇద్దరికీ పేచీ వచ్చింది. ఎంత సన్నటి శబ్దం దాకా పెంచాలన్నది.

"అంత కిందికి వద్దండీ" అంది ఇంజనీరమ్మ. "బట్టల రాపిడి, పక్క గదిలో గొణుగుడు, అన్నీ వచ్చి పడతాయి. మనిషికి విసుగొస్తుంది."

"రానీయండి. సన్నగా ఏడ్చినా వినపడాలి" అన్నాడు.

పిల్ల సంగతి ఆమెకు తెలుసు. మారుమాట్లాడకుండా అతను అన్నంత కిందికి దించింది.

కొత్త మిషను పెట్టుకున్న మొదటిరోజు భార్య ఇల్లంతా తిరిగింది. కుళాయి కింద నీళ్లు, గోడ గడియారం, తన చెప్పులు. పంచదార డబ్బా ఊపి వింది. కూతురు అప్పటికి కాలేజీలో చేరింది. ఆ పిల్ల గొంతు అలా ఉంటుందని తల్లి అనుకోలేదట. "ఇంత బొంగురా నీది" అని నవ్వి, నవ్వుతూనే ఏడ్చింది. మైకాయన గుమ్మంలో నిలబడి చూశాడు. తన బతుకులో అంతకంటే మంచి రోజు లేదనుకున్నాడు. నిజంగానే లేదు. అలాంటి మంచి రోజులు నాలుగో ఐదో గడిచాయి.

ఆ రోజు మధ్యాహ్నం అతను బల్ల ముందు సోల్డరింగ్ చేసుకుంటున్నాడు. వంటింట్లో కూతురు పచ్చడి జాడీ అందుకోబోయింది. ముడవని వేళ్లలోంచి జాడీ జారి భళ్లున పగిలింది. అతను తల ఎత్తలేదు. పెదాలు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. ఎన్నో ఏళ్లుగా ఆ ఇంట్లో ఏది జారి పడినా, ఆ చెయ్యి ఎప్పుడు కంట పడినా చేసుకుపోయినట్టే.

"కన్నతల్లై ఉండి పిల్ల చెయ్యి కాల్చేసింది. ఇప్పుడొచ్చాయి మహారాణికి చెవులు. నా ఖర్మకొద్దీ దొరికింది, మొద్దు."

"ఏమన్నారు?"

ఆమె గుమ్మంలో ఉంది. చేతిలో చీపురు. జాడీ పెంకులు ఊడవడానికి పోతూ ఆగింది.

"ఏం లేదు" అన్నాడు.

"లేదు, అన్నారు. మళ్లీ అనండి."

అతనికి ఏమన్నాడో కూడా వెంటనే గుర్తు రాలేదు. నోట్లోంచి మాట వచ్చిందనే తెలియదు. ఆమె మొహం చూశాక ఒక్కో మాటా వెనక్కి నడిచొచ్చినట్టు గుర్తొచ్చింది.

ఆమె కూతురివైపు తిరిగింది. "నాన్న ఇది ఎప్పట్నించి అంటున్నాడే?"

"అడక్కమ్మా" అంది కూతురు.

చీపురు గోడకానించి, ఆమె కుర్చీలో కూర్చుంది. ఆదివారాలు కూర్చునే కుర్చీ అదే. ఎవరితోనో అన్నట్టు, "లెక్కలనుకున్నాను" అంది.

కూతురు మెట్లు దిగి వెళ్లిపోతుంటే మైకాయన వెనకే పోయి షాపు ముందు ఆపాడు.

"నీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటి నాన్నా. ఇంట్లో చెవులున్నది నాకొక్కదానికే కదా."

"మరి నాతో ఒక్కసారైనా అనలేదేం?"

"ఏమని అనను? చిన్నప్పుడు అమ్మని అంటున్నావని నాకు తెలియదు. నన్ననుకునేదాన్ని. ఎప్పుడు విన్నా నా చెయ్యి ఊసే. నా చెయ్యి చూస్తే నీకు కోపం అనుకుని జేబులో పెట్టుకుని తిరిగేదాన్ని." పిల్ల ఏడవలేదు. "పెద్దయ్యాక అర్థమైంది. అప్పుడిక అమ్మకి వినపడట్లేదులే, పోనీలే అనుకున్నా."

అతను షట్టరు పట్టుకుని నిలబడిపోయాడు. దర్జీ పైనుంచి తొంగి చూసి, ఏదో అడగబోయి, లోపలికి వెళ్లాడు.

రెండు రోజులు ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. మూడోరోజు అతను ఆమె ఎదురుగా కూర్చుని, చెవి వెనక మిషను ఆన్ చెయ్యమని చేత్తో చూపించాడు. ఆమె స్విచ్ నొక్కింది. బతుకులో మొదటిసారి అతను కాలరులోకి కాకుండా ఎదురుగా, గట్టిగా మాట్లాడాడు.

"తప్పయిపోయింది. ఏదో అలవాటుగా వచ్చే మాట. నా మనసులో అది లేదు."

"మనసులో లేనిది ఇన్నేళ్లు నోట్లో ఎట్లా ఉంటుందండీ?"

అతని తల మళ్లీ కాలరువైపు వంగింది.

"ఆసుపత్రిలో నీ తప్పేం లేదన్నారు. ఆ మాట నేను వినలేదు, మీ పెదాలమీద చూశాను. దాన్ని పట్టుకునే బతుకుతున్నాను. అదే పెదాలు ఆ సాయంత్రం నుంచే ఇంకోటి అంటున్నాయన్నమాట."

"నీకోసమే కదా ఇదంతా చేశాను. ఇన్నేళ్లు కూర్చుని..."

"చేశారు. కాదనను." ఆమె గొంతు పెరగలేదు. "నాకు వినపడదనుకున్నప్పుడు అన్నదే మీ మాట. ఇప్పుడు నేను వింటున్నానని తెలిసి అనేది మైకు ముందు మాట్లాడినట్టు. అట్లాంటివి సభల్లో చాలా వింటారు కదా మీరు."

చెవి వెనక చెయ్యి పెట్టి స్విచ్ నొక్కింది. టిక్ మని చిన్న చప్పుడు. అది అతనికే వినపడింది.

ఆమె మిషను పారేస్తుందనుకున్నాడు. పారెయ్యలేదు. మార్కెట్టుకు పెట్టుకుని వెళ్లేది. దర్జీ భార్యతో మెట్లమీద కూర్చుని గంటలు గంటలు కబుర్లు చెప్పేది. ఆ నవ్వులు పైదాకా వినపడేవి. మాట్లాడ్డం ఆమెకు ఎంత ఇష్టమో అతనికి అప్పుడే తెలిసింది. కొన్నాళ్లకు పిల్లల బడి ఒకదాంట్లో ఆయాగా చేరింది. ఆ గోలలో పొద్దంతా హాయిగా ఉండేది. సాయంత్రం మెట్లెక్కి వచ్చి, గుమ్మం బయట చెప్పులు విప్పి, చెవి వెనక టిక్ మనిపించి, అప్పుడు లోపలికొచ్చేది. వంట చేసేది, వడ్డించేది, అతని బట్టలు మడతపెట్టేది. మొహంలో కోపం కూడా ఉండేది కాదు. ఉంటే తగాదా అయినా పెట్టుకోవచ్చు.

బల్ల ముందు కూర్చుంటే అతనికి అదే ఆలోచన. ఎవరికోసం చేశాడు ఇది? ఆమె కోసమని లోకం అంది, తనూ అనుకున్నాడు. కాని ఒక్కో తీగ అతికిస్తూ తను గొణిగింది ఏమిటో ఇప్పుడు తెలుసు. మరోసారి ఆ తప్పు చెయ్యడానికి ఆమెకు వీల్లేకుండా చేస్తూ వచ్చాడు. అంతకుమించి ఏమైనా ఉందా అని లోపల తడిమి చూసుకున్నాడు. ఉందనే అనిపించేది. ఎంతుందో కొలవడానికి మీటరు లేదు.

మిషన్లు బాగా అమ్ముడుపోయాయి. ఫ్యాక్టరీవాళ్లు సభ పెట్టి అతన్నీ ఇంజనీరమ్మనీ వేదికమీద కూర్చోబెట్టారు. మైకులు ఎవరో వేరేవాళ్లు పెట్టారు, కుయ్‌మంటున్నాయి. మేనేజరు లేచి, భార్య చెవుడు చూడలేక ఒక భర్త పడ్డ తపన ఇది అన్నాడు. ఇంజనీరమ్మ చప్పట్లు కొట్టింది. తర్వాత మైకు తెచ్చి ముందు వరసలో ఉన్న అతని భార్య చేతికిచ్చారు. "మీరు చెప్పండమ్మా, ఎలా వినిపిస్తోంది?"

ఆమె లేచి నిలబడింది. "బాగా వినిపిస్తుంది" అంది. మైకు దించబోయి మళ్లీ ఎత్తి, "చాలా బాగా వినిపిస్తుంది. ఈయన చేసినదాంట్లో వంక పెట్టడానికేం లేదు" అని కూర్చుంది.

హాలంతా చప్పట్లు. ఆమె పక్కన కూర్చున్న కూతురు చప్పట్లు కొట్టలేదు. మైకాయన నేలచూపులు చూస్తుంటే, సిగ్గుపడుతున్నాడనుకుని జనం ఇంకాస్త కొట్టారు.

తర్వాత కూడా వీధిలో ఎవరెవరో ఆపి పలకరించేవారు. ఒక ముసలి మేష్టారు చెవి వెనక మిషను చూపించి, మనవడి మాటలు వింటున్నాను బాబూ అని రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీ భార్య పుణ్యాత్మురాలయ్యా" అన్నాడు. మైకాయన అవునన్నట్టు తలూపి, దాదాపు పరుగెత్తినట్టు ఇంటికొచ్చేశాడు.

గొణగడం మానుకున్నాడు. తేలిక కాలేదు. పని చేసేటప్పుడు పెదాల మధ్య స్క్రూ ఒకటి కరిచి పట్టుకునేవాడు. అప్పటికీ గొంతులో ఏదో కదిలేది. రానురాను అదీ ఆగిపోయింది. దానితోపాటు మిగతా మాటలూ ఆగిపోయాయి.

కాలం మారింది. అతని ట్రాన్సిస్టరు, రెండు కెపాసిటర్లు చేసే పని అంతా ఇప్పుడు గింజంత చిప్పులో లెక్కలు చేసేస్తాయి. ఫ్యాక్టరీ అతని రకం మిషన్లు చెయ్యడం మానేసింది. ఇంజనీరమ్మ ఫోన్ చేసి ఆ సంగతి తనే చెప్పింది, నొచ్చుకుంటూ. అతను సరేనన్నాడు. కూతురు బ్యాంకులో పనిచేస్తోంది, వేరే ఇల్లు తీసుకుంది. ఒకరోజు తల్లిని తీసుకెళ్లి కొత్త మిషను పెట్టించింది. చెవి లోపలికంటా పోతుంది, పైన జుట్టు కప్పేస్తుంది. ఆపాలన్నా నడపాలన్నా ఫోనులోనే. స్విచ్ లేదు, టిక్ మనదు.

ఇప్పుడు ఆమె మెట్లెక్కి వస్తుంది, చెప్పులు విప్పుతుంది, నేరుగా లోపలికొస్తుంది. అది చెవిలో ఉందో లేదో, ఉంటే నడుస్తోందో లేదో అతనికి తెలిసే దారి లేదు. అడిగే మొహమూ లేదు. అతను మంచినీళ్లు కావాలంటే ఆమె గ్లాసు అందిస్తుంది. విని ఇచ్చిందో, పెదాలు చూసి ఇచ్చిందో, అన్నం మధ్యలో నీళ్లు తాగే అలవాటు ఎరిగి ఇచ్చిందో.

మొన్నొక పొద్దున ఆమె కిటికీ దగ్గర కూర్చుని కూర తరుగుతోంది. అతను వెనకనుంచి వచ్చి, రెండడుగుల దూరంలో ఆగి, పేరు పెట్టి పిలిచాడు. మెల్లగానే పిలిచాడు. ఎన్నేళ్లయిందో ఆ పేరు అతని నోటివెంట వచ్చి. ఆమె తల తిప్పలేదు. కత్తి ఆగలేదు, తొందరపడనూ లేదు. వంకాయ ముక్కలు ఒకటొకటే నీళ్లలో పడుతున్నాయి.

మళ్లీ పిలుద్దామని నోరు తెరిచి, ఊరుకుని, పక్క గదిలోకి వెళ్లి బల్ల ముందు కూర్చున్నాడు.